దారం లేని కుట్టు

ఓనరు ఆ కోటును చేత్తో ముట్టుకోలేదు. కటింగ్ బల్ల మీది చెక్క స్కేలు తీసుకుని, దాని కొసను కాలరు కింద దూర్చి పైకెత్తాడు. ఇస్త్రీకి తీసిన కొత్త కోటు, డాక్టర్లు వేసుకునే తెల్లకోటు, స్కేలుకు వేలాడుతూ గాలిలో మెల్లగా తిరిగింది. వెనకవైపు, కింది అంచుకు కాస్త పైన, పెద్ద గుండీ అంత మచ్చ. ఎర్రగా ఉంటే ఏ సిరానో రంగో అనుకుని సర్దుకోవచ్చు. ఇది ముదురెరుపు, అంచుల్లో అప్పుడే గోధుమరంగుకు తిరుగుతోంది. రక్తమని తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

“ఏంటిది?” అన్నాడు ఓనరు. మచ్చ చూపించిన ఇస్త్రీ అతన్ని కాదు, మెషీను దగ్గరున్న మాస్టారిని కాదు. గోడవార స్టూలు మీద కూర్చున్న కాజాలమ్మ వైపు తిరిగి అన్నాడు.

షాపులో ఆడది ఆమె ఒక్కతే. ఇంకేం సాక్ష్యం కావాలి!

కాజాలమ్మ అన్నది షాపు పెట్టిన పేరు. గుండీలు కుట్టడం, కాజాలు చేత్తో అల్లడం ఆమె పని. ఆ షాపు ఆసుపత్రులకు కోట్లు కుట్టి పంపిస్తుంది. మాస్టారి మెషీను మీద కోటు పూర్తయితే బెంచీ మీదికి చేరుతుంది, బెంచీ మీదినుంచి కాజాలమ్మ ఒళ్లోకి, ఆమె ఒళ్లోనుంచి ఇస్త్రీ బల్ల మీదికి. ఓనరు లెక్క ప్రకారం దారి మధ్యలో రక్తం ఉన్న మజిలీ ఒక్కటే.

“ఒళ్లో పెట్టుకుని కుట్టేది నువ్వే కదా. ఏంటిదని అడుగుతున్నా.”

కాజాలమ్మ ముందు తన వేళ్లు చూసుకుంది. సూది గుచ్చుకుంటే చుక్క పడుతుందే గానీ ఇంత పడదు. ఆ తర్వాత చెయ్యి వెనక్కి పోనిచ్చి కట్టుకున్న బట్ట తడుముకుంది. పొడిగానే ఉంది. ఉండదా మరి! ఎప్పుడో ఆగిపోయినది ఇప్పుడెందుకు వస్తుంది? అయినా ఆ తడుముకోవడం ఓనరు చూశాడు, ఇస్త్రీ అతనూ చూశాడు. అదే పెద్ద ఒప్పుకోలు అయి కూర్చుంది.

“నాది కాదండీ.”

“నీది కాక నాదా?”

ఇస్త్రీ అతను కిసుక్కున నవ్వి, నవ్వు బయటపడకుండా బల్ల మీదికి వంగాడు.

నాకవి ఆగిపోయి ఏళ్లయిందయ్యా పెద్దమనిషీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ముగ్గురు మగాళ్ల మధ్య ఆ మాట అనడానికి మాత్రం నోరు రాలేదు. సాయం కోసం మాస్టారి వైపు చూసింది. ఆయనంటే ఓనరుకు గురి. ఆయన “ఆ అమ్మది కాదులెండి” అంటే అక్కడితో ఆగిపోతుంది. అన్నయ్యా అని పిలుస్తుంది, చెల్లెమ్మా అని పలుకుతాడు. టీ వస్తే మొదటి గ్లాసు ఆమె చేతికే ఇస్తాడు.

మాస్టారు తల ఎత్తలేదు. కాళ్లు మెషీనును తొక్కుతూనే ఉన్నాయి. సూది టకటకా ఒక జేబు అంచు వెంట పోతోంది. కాజాలమ్మకు ఏదో తేడాగా అనిపించింది. పైన రీలు తిరగడం లేదు. దారం సూదిలోంచి ఎప్పుడో జారిపోయి పక్కన వేలాడుతోంది. మాస్టారు దారం లేకుండా కుడుతున్నాడు. తెల్లగుడ్డ మీద వరసగా చిల్లులు పడుతున్నాయి, కుట్టు మాత్రం పడటం లేదు.

“ఆసుపత్రికి పోయే సరుకు ఇది,” అంటున్నాడు ఓనరు. “మీ ఆడవాళ్ల సంగతులు ఇంట్లోనే చూసుకుని రావాలని ఈ వయసొచ్చాక కూడా చెప్పాలా? తీసుకెళ్లి నువ్వే ఉతుక్కో. నేను కబురు చేసేదాకా ఇటు రాకు.”

స్కేలు విదిలించాడు. కోటు ఆమె కాళ్ల దగ్గర పడింది.

కాజాలమ్మ వంగి కోటు తీసుకుంది. వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ, దారానికి రాసే మైనం ముద్ద, తన సూదులు సంచిలో వేసుకుంది. గుమ్మం దాటుతుంటే కూడా వెనక మెషీను చప్పుడు ఆగలేదు.

ఇంటికొచ్చి కోటును కుళాయి కింద పెట్టింది. చన్నీళ్లే. రక్తం మీద వేడినీళ్లు పోస్తే గుడ్డకు మరింత పట్టుకుంటుంది. ఆ సంగతి ఆమె మొగుడి దుప్పట్లు ఉతికి ఉతికి నేర్చుకుంది. సబ్బు రాసి రెండు చేతుల మధ్య నలుపుతుంటే నీళ్లు గులాబీరంగుగా తూములోకి పోయాయి. ఆ రంగు చూస్తూ చూస్తూ చెయ్యి ఆపేసింది.

నిన్న మధ్యాహ్నం మాస్టారు బెంచీ అంచున, కోట్ల దొంతరను ఆనుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. “ఏంటన్నయ్యా?” అంటే “నీరసం చెల్లెమ్మా” అన్నాడు. ఆయన స్టూలు మీద ఈ మధ్యే ఒక ముదురెరుపు ముఖమల్ ముక్క మడతలు పడి వచ్చి చేరింది. మెత్తగా ఉంటుందని అన్నాడు. ఆయన చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోతున్నాయి. ఉప్పు లేని అన్నం తెచ్చుకుంటాడు, బీపీ అంటాడు. కళ్లల్లో తెలుపు తెలుపు కాదు. కాజాల్లోకి గుండీలు వరసగా దూరినట్టు ఒక్కొక్కటీ వెళ్లి సరిగ్గా కూర్చున్నాయి.

“ఓరి నాయనో,” అంది కాజాలమ్మ ఖాళీ గదిలో.

మొదట జాలి వేసిందంటే అబద్ధం. ఒళ్లు మండిపోయింది. తడికోటును బండ మీద ఒక్క దెబ్బ వేసి, “నీ మచ్చ నా నెత్తిన పడుతుంటే మెషీను తొక్కుకుంటూ కూర్చుంటావా? చెల్లెమ్మా అని పిలవడానికి నోరుంటుంది, దీనికి ఉండదా?” అని కోటునే తిట్టింది. మచ్చ చాలావరకు పోయింది గానీ చుట్టూ సన్నటి వలయం మిగిలింది. ఎంత నలిపినా అది మాత్రం కదల్లేదు.

మర్నాడు పని వెతుక్కుంటూ బయల్దేరింది. ఆమె కాళ్లకన్నా మాట ముందు నడిచింది. సందు చివర షాపు నడిపే ఆవిడ ఆమెను చూడగానే లేచి నిలబడి మరీ మర్యాద చేసింది. “మీ చేతిపని నాకు తెలియనిదా? కానీ మా దగ్గర అన్నీ లేతరంగులే,” అని నసిగింది. ఆ మాట అన్నది కూడా ఆడదే! ఇంకో షాపులో కుర్రటైలర్లు మొహమొహాలు చూసుకున్నారు. కాజాలమ్మకు తల కొట్టేసినట్టయింది. సంచిలో మడిచి పెట్టుకున్న కోటుతో సరాసరి మాస్టారి ఇంటికి నడిచింది. ఇవాళ ఆ మనిషిని కడిగేయాల్సిందే.

తలుపు తీసింది ఆయన భార్య. “రా, ‘వదినా’ అంటూ వచ్చి ఎన్నాళ్లయిందో!” అని లోపలికి పిలిచింది. మాస్టారు మంచం అంచున, కింద తువ్వాలు మడిచి వేసుకుని, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. సంచి చూసి మొహం పాలిపోయింది. అంతకుముందే పాలిపోయి ఉంది, అది వేరే సంగతి.

“కోటు ఉతికానన్నయ్యా. పూర్తిగా పోలేదు.”

ఆయన కిటికీ వైపు చూశాడు.

వదినకు కోటు సంగతి తెలియదు. తన గోల తనది. “రేపు పొద్దున్నే మొలల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు చెప్పు, కూర్చోలేడు, నిలబడలేడు. కోసేస్తారట. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చట.”

కడిగేద్దామని వచ్చిన కాజాలమ్మ ఆ మాట పక్కన పెట్టింది.

“లివరు సంగతి ఆ డాక్టరుకు చెప్పారా వదినా?”

“ఏ లివరు?” అంది వదిన. మరీ తొందరగా అంది, అందులోనే తెలిసిపోయింది.

“నా దగ్గర దాచకు. ఆ కాళ్లు, ఆ కళ్లు, ఆ చప్పిడి కూడు. నేను చూడనివి కాదు. మా ఆయన్ని చూశాను.”

వదినకు ఎక్కడ లేని పౌరుషం పొడుచుకొచ్చింది. “మీ ఆయన సంగతి వేరు! లేస్తే సీసా, పడుకుంటే సీసా. మా ఆయన చుక్క ముట్టిన మనిషి కాదు. ఆ వాసనే పడదు ఆయనకి. ఆయనకీ ఈయనకీ పోలిక పెడతావా?”

కాజాలమ్మకు ఈ మాట కొత్తదేం కాదు. మొగుడు తాగి తాగి పోయాడు, ఆ వాసనను జనం ఆమెకు అంటించి వదిలేశారు. దిగమింగుకుని అంది, “జబ్బుకు ఆ తేడా తెలీదు వదినా. మేమూ మొలలే అనుకున్నాం. సిగ్గుపడి లివరు సంగతి ఎత్తకుండా కోయించాం. కోసిన చోట రక్తం ఆగితే కదా! దుప్పట్లు ఉతకలేక నా చేతులు పడిపోయాయి గానీ అది మాత్రం ఆగలేదు.”

వదిన మంచం కోడు పట్టుకుంది. అప్పుడు మాస్టారు నోరు విప్పాడు.

“చెప్తే ఏమంటారో తెలుసా చెల్లెమ్మా? ‘ఎంత తాగుతావ్?’ అంటారు. తాగనండీ అంటే నవ్వుతారు. ‘అందరూ ఇదే చెప్తారులే’ అంటారు. లివరు గట్టిపడిందని మందులిచ్చిన డాక్టరు దగ్గర ఆ నవ్వు చూశాక, కింద రక్తం పడుతోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఈ మొలల డాక్టరు దగ్గర లివరు అన్నాననుకో, మళ్లీ అదే నవ్వు.”

చూశారా సంబడం! లివర్ డాక్టరుకు రక్తం సంగతి తెలియదు, మొలల డాక్టరుకు లివర్ సంగతి తెలియదు. రెండూ తెలిసిన మనిషి ఇక్కడ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“నీ పరువు పోతుందని నోరు మూసుకున్నావు, సరే. మరి నా పరువో? అది చౌకా?” అంది కాజాలమ్మ.

“ఏంటి, ఏమైంది?” అంది వదిన.

“మీ ఆయన్నే అడుగు.”

మాస్టారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. “ఆపరేషను కానీ. తిరిగొచ్చాక ఓనరుతో నేనే చెప్తాను. ఒట్టు.”

“తిరిగొస్తే కదా!”

అంతే, వదిన లేచి తలుపు బార్లా తీసింది. “నా ఇంట్లో కూర్చుని నా మొగుడి చావు కోరతావా? నీ కొంప కూలిందని అందరి కొంపా కూలాలా? నడు బయటికి.”

రెండు రోజుల్లో రెండు గుమ్మాల నుంచి వెళ్లగొట్టించుకుంది కాజాలమ్మ. రెండూ ఆ రక్తం పుణ్యమే, ఆ రక్తం ఆమెది కాదు. మెట్లు దిగుతూ పళ్లు నూరుకుంది. పోనీ. తనకేం పట్టింది? ఆయన ఏం చేశాడో తనూ అదే చేస్తే సరి. నోరు మూసుకుని తన పని తాను చూసుకోవడం. ఎంత తేలికో ఆ పని! ఎవరూ తప్పు పట్టరు కూడా.

అలా అనుకున్న మనిషి పొద్దున్నే మొలల డాక్టరు దగ్గర ఎందుకు తేలిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ వరండా ఒక వింత. కుర్చీలన్నీ ఖాళీ, జనమంతా నిలబడే ఉన్నారు. కూర్చున్నది కాజాలమ్మ ఒక్కతే. అందరూ ఆమె అదృష్టాన్ని ఈర్ష్యగా చూస్తున్నారు. వదిన ఆమెను చూసి మొహం తిప్పుకుంది. మాస్టారు గోడ పట్టుకుని నడుస్తూ లోపలికి వెళ్లాడు. గుమ్మానికి కర్ర తలుపు లేదు, పచ్చటి తెర ఒకటే ఉంది. మాటలు బయటికి వినపడుతున్నాయి.

“షుగరు, బీపీ, గుండెజబ్బు, లివరు, ఇంకేమైనా ఉన్నాయా?” డాక్టరు అడుగుతున్నాడు.

“ఏమీ లేవండీ.” అది వదిన గొంతు.

“మందులేమైనా వాడుతున్నారా?”

“లేదండీ.”

మాస్టారి గొంతు వినపడలేదు. దారం లేని మెషీను మళ్లీ తిరుగుతోంది అనుకుంది కాజాలమ్మ.

“సరే, ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.”

ఇంకాసేపు కుర్చీలో కదలకుండా ఉంటే చాలు. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి, ఇత్తడి టోపీ లేకుండా బోడిగా. ఆ చేతులతో పిండిన దుప్పట్లన్నీ గుర్తొచ్చాయి. లేచి వెళ్లి తెర లాగేసింది.

“ఆయనకు లివరుందండీ!”

డాక్టరు చేతి తొడుగులు సగం తొడుక్కుని ఆగాడు. “అందరికీ ఉంటుందమ్మా. ముందు బయటికి వెళ్లండి.”

“జబ్బండీ, లివరు జబ్బు. గట్టిపడిపోయిందట. మందులు వాడుతున్నారు. మీకు చెప్పకుండా దాస్తున్నారు.”

వదిన “అబద్ధం” అనబోయింది. మాట పూర్తి కాలేదు. డాక్టరు మాస్టారి కనురెప్ప కిందికి లాగి చూశాడు. బొటనవేలితో కాలి ముందుభాగం నొక్కి తీశాడు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. తొడుగులు విప్పి పక్కన పడేశాడు.

“నిజమేనా?” అన్నాడు.

“నిజమేనండీ,” అన్నాడు మాస్టారు, మొహం గోడవైపు పెట్టుకుని.

“మీకేమైనా మతి ఉందా? లివరు గట్టిపడితే రక్తం ముందుకు పోలేక వెనక్కి తన్నుకొస్తుంది. కింద నరాలు ఉబ్బుతాయి. ఇవి మామూలు మొలలే కావచ్చు, ఆ నరాలే కావచ్చు. తెలియకుండా కత్తి పెడితే రక్తం ఆపడం నా వల్ల కాదు. పెద్దాసుపత్రికి వెళ్లండి, ఇప్పుడే.”

మాస్టారు బల్ల దిగబోయి నిలబడలేకపోయాడు. బల్ల మీద పరిచిన తెల్లదుప్పటి మీద, ఆయన లేచిన చోట, ఈసారి గుండీ అంత మచ్చ కాదు. కాజాలమ్మ ఆయన చంక కింద భుజం పెట్టింది. రెండోవైపు వదిన పట్టుకుంది.

పెద్దాసుపత్రిలో వాళ్ల దగ్గరికి వచ్చిన డాక్టరు కోటు మీద కాజాలు చూడగానే తన చేతిపని అని గుర్తుపట్టింది కాజాలమ్మ. చెప్పుకునే సమయం కాదు. ఆ డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు, “ఎంత తాగుతారు?”

“తాగనండీ,” అన్నాడు మాస్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మా ఆయన తాగేవాడండీ,” అంది కాజాలమ్మ. “తాగేవాళ్లెలా ఉంటారో నాకు తెలుసు. ఈయన తాగడు.”

డాక్టరు తల ఎత్తి ఆమెను చూశాడు. “తాగకపోయినా వస్తుందమ్మా,” అన్నాడు మెత్తగా. “ఎప్పుడో కామెర్లు వచ్చి ఉంటే దానివల్ల కూడా వస్తుంది. తాగుతారంటే వైద్యం ఒకలా చెయ్యాలి, అందుకే అడుగుతాం.” ఆ ఒక్క ముక్క మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా!

గొట్టం వేసి చూశారు. మొలలు కావు, ఉబ్బిన నరాలే. ఒకటి చిట్లి ఉంది. మందేదో ఎక్కించి దాన్ని మూసేశారు. రక్తం ఎక్కించారు. “ఇప్పటికి ఆగింది. మళ్లీ రాదని చెప్పలేను. ఈసారి వస్తే దాచకండి,” అని వెళ్లిపోయాడు డాక్టరు. వదిన వచ్చి కాజాలమ్మ మోచెయ్యి పట్టుకుంది. క్షమించమని అనలేదు. చెయ్యి వదల్లేదు కూడా.

ఓనరు పళ్లు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని మాస్టారి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “ఏంటయ్యా, ఇంత బాధ పెట్టుకుని కూర్చుని కుట్టావా? నాతో ఒక్కమాట అనకూడదా? నీ సీటు ఎక్కడికీ పోదు. మెత్తటి దిండు కుట్టిస్తాను. నయమయ్యాకే రా.”

“ఆ మచ్చ నాది,” అన్నాడు మాస్టారు.

“ఏ మచ్చ?”

“కోటు మీది మచ్చ. చెల్లెమ్మది కాదు. నేను చూస్తూ ఊరుకున్నాను.”

ఓనరుకు కోపం వస్తుందేమోనని కాజాలమ్మ ఎదురు చూసింది. రాలేదు. “పాపం,” అన్నాడు ఓనరు. నిజంగానే అన్నాడు, కళ్లు కూడా చెమర్చాయి. “ఎంత నలిగిపోయావో లోపల.”

కాజాలమ్మ సంచిలోంచి కోటు తీసి ఆయన చేతికిచ్చింది. ఓనరు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. విప్పి, వలయం మిగిలిన చోట బొటనవేలితో రుద్దాడు. మళ్లీ ఒద్దికగా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇంకో ఉతుకు ఉతికితే పోతుంది. ఏముందిలే, రక్తమేగా,” అన్నాడు.

“మొన్న కూడా రక్తమేనండీ,” అంది కాజాలమ్మ.

ఓనరు నవ్వేశాడు. “సరేలే, పొరపాటు ఎవరికైనా సహజం. సోమవారం నుంచి వచ్చెయ్. కాజాలు లేక కోట్లన్నీ అలాగే పడి ఉన్నాయి.” పెద్ద ఉపకారం చేస్తున్నట్టు అన్నాడు. ఆమె వెళ్తుంటే మాస్టారు “చెల్లెమ్మా” అన్నాడు. ఆమె ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

“నోరు విప్పావు కదా అన్నయ్యా. ఇంక మూయకు,” అంది.

సోమవారం వెళ్లకుండా ఉంటే కథ ఎంత గౌరవంగా ఉండేదో! పొట్ట ఊరుకుంటుందా? వెళ్లింది. ఇస్త్రీ అతను తల దించుకుని పెట్టె రుద్దుతున్నాడు. బెంచీ మీద గుండీలు లేని కోట్లు కొండలా ఉన్నాయి. మాస్టారి మెషీను మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన స్టూలు మీద కొత్త దిండు, నీలంరంగుది, దూది దిట్టంగా కూరినది. ఓనరు మాట తప్పే మనిషి కాదు.

గోడవార ఆమె స్టూలు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, గాలికి లేవకుండా నాలుగువైపులా తాడుతో కట్టి ఉంది.

“తెల్లసరుకు కదా,” అన్నాడు ఓనరు కటింగ్ బల్ల దగ్గర్నుంచి, చాక్‌తో గీత గీస్తూ. “జాగ్రత్తకి. నువ్వేం అనుకోకు.”

కాజాలమ్మ సంచిలోంచి సూదులు, మైనం ముద్ద తీసింది. ఇత్తడి టోపీ వేలికి తొడుక్కుంది. తన స్టూలు దగ్గర వంగి, కత్తెరతో తాడు తెంపి ప్లాస్టిక్ కాగితం ఊడదీసింది. దాన్ని మడతలు పెట్టింది, కోటు మడిచినంత ఒద్దికగా. తీసుకెళ్లి కటింగ్ బల్ల మీద, ఓనరు గీస్తున్న గీత మీదే పెట్టింది.

తర్వాత తిరిగి వెళ్లి తన స్టూలు మీద కూర్చోలేదు. మాస్టారి స్టూలును దిండుతో సహా గోడవారకు లాక్కుంది. ఒక కోటు ఒళ్లో వేసుకుని కూర్చుంది.

ఓనరు నోరు తెరిచాడు. ఇస్త్రీ అతను పెట్టె ఆపాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి, కొసన ముడి వేసి, ఓనరు ఏమంటాడోనని తలెత్తి చూస్తూ కూర్చుంది.

ఓనరు నోరు మూసుకుని, ప్లాస్టిక్ కాగితం పక్కకు జరిపి గీత గీసుకున్నాడు.

దిండు మెత్తగానే ఉంది.